చలరాశి (మొబైల్ ఆటల ప్రోగ్రామింగ్)

ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు మారుతూ ఉండే విలువను దాచుకొనుటకు కంప్యూటరు మెమరీలో పేరు పెట్టి కేటాయించిన చోటును '''చలరాశి''' లేదా '''వేరియబుల్''' అంటారు. మొబైల్ ఫోనులో ఆడే చిన్న ఆటలో పాయింట్లు, మిగిలిన అవకాశాలు, వస్తువుల స్థానం, వేగం మొదలైనవన్నీ చలరాశులే. ప్రతి చలరాశికీ పేరు, రకం, తొలి విలువ, పరిధి ముందుగానే నిర్ణయించాలి. ఇందులో లోపముంటే ఆట నియమాలు సరిగా ఉన్నప్పటికీ ఫలితం తప్పుతుంది.

== ఉదాహరణ ==
శ్రీకాకుళం జిల్లాలో పలాస జీడిపప్పు పరిశ్రమకు, ఉద్దానం తీరప్రాంతం జీడి, కొబ్బరి తోటలకు ప్రసిద్ధి. ఉద్దానం తోటలో చెట్టు నుండి రాలే జీడిపండ్లను గంపతో పట్టే ఆటను తయారుచేయాలంటే ఈ క్రింది చలరాశులు అవసరమవుతాయి.

* పాయింట్లు = 0 (పూర్ణాంకం): పండు గంపలో పడినప్పుడల్లా 1 పెరుగుతుంది.
* అవకాశాలు = 3 (పూర్ణాంకం): పండు నేలపై పడితే 1 తగ్గుతుంది. 0 అయితే ఆట ముగుస్తుంది.
* పండు_స్థానం = 0 (దశాంశ సంఖ్య): ఆండ్రాయిడ్‌లో తెర పైఅంచును 0గా తీసుకొని క్రిందికి లెక్కిస్తారు.
* వేగం = 2.5 (దశాంశ సంఖ్య): ఒక్కొక్క ఫ్రేములో పండు క్రిందికి జరిగే దూరం.
* ఆట_నడుస్తోంది = నిజం (నిజం లేదా అబద్ధం మాత్రమే).

గంప వెడల్పు ఆటలో మారదు కనుక దానిని స్థిరరాశిగా ప్రకటిస్తారు.

== తొలి విలువ ==
సీ భాషలో తొలి విలువ ఇవ్వని స్థానిక చలరాశిలో ఏముంటుందో చెప్పలేము. జావాలో అటువంటి దానిని వాడబోతే కంపైలరే దోషమని చూపుతుంది. ఆట మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా తొలి విలువలను తిరిగి ఇవ్వాలి. లేనిచో అవకాశాలు 0 వద్దనే ఉండి, రెండవ ఆట మొదలవగానే ముగిసిపోతుంది.

== పరిధి ==
పాయింట్లను ప్రతి ఫ్రేములోనూ నడిచే ఫంక్షను లోపల ప్రకటిస్తే, అది ప్రతిసారీ 0తో కొత్తగా ఏర్పడుతుంది. ఎన్ని పండ్లు పట్టినా లెక్క నిలువదు. అందువలన దానిని ఆ ఫంక్షను వెలుపల ప్రకటించాలి. ఆటను మూసివేస్తే మెమరీలోని విలువలు పోతాయి కనుక అత్యధిక పాయింట్లను ఫోను నిల్వలో భద్రపరుస్తారు.

== రకం, పరిమితి ==
గుర్తు లేని 8 బిట్ల పూర్ణాంకంలో 0 నుండి 255 వరకే పడుతుంది. 1980లో జపాను సంస్థ నామ్‌కో విడుదల చేసిన పాక్-మాన్ ఆటలో స్థాయి సంఖ్యను 8 బిట్లలోనే ఉంచారు. 256వ స్థాయిలో తెర కుడిసగం చెదిరిన అక్షరాలతో నిండిపోయి, ఆట ముందుకు సాగదు. జావా, కోట్లిన్ భాషలలోని సాధారణ పూర్ణాంకం 32 బిట్లది; దాని గరిష్ఠ విలువ 2,14,74,83,647. జీడిపండ్ల లెక్కకు ఇది ధారాళంగా సరిపోతుంది.

== ఇవి కూడా చూడండి ==
* ప్రోగ్రామింగ్ భాష
* జావా
* ఆండ్రాయిడ్