వెనేడియం: రెండుసార్లు దొరికిన లోహం

విద్యార్థులారా, ఆవర్తన పట్టికలో 23వ స్థానంలో ఉన్న పరివర్తన మూలకం వెనేడియం. దీన్ని ఎవరు కనుగొన్నారంటే రెండు పేర్లు చెప్పాలి. ఆ ఇద్దరి మధ్య 29 ఏళ్ల ఎడం ఉంది.

1801లో మెక్సికో ఇంకా స్పెయిన్ పాలనలోనే ఉంది. మెక్సికో నగరంలోని గనుల విద్యాలయంలో ఖనిజశాస్త్రం బోధించే ఆండ్రెస్ మాన్యుయెల్ డెల్ రియో, సిమపాన్ గనిలో దొరికిన గోధుమరంగు సీసపు ఖనిజాన్ని పరీక్షించి, అందులో కొత్త లోహం ఉందని ప్రకటించారు. దాని లవణాలు రకరకాల రంగుల్లో కనిపించడంతో మొదట ‘పాన్‌క్రోమియం’ అని పేరు పెట్టారు. వేడిచేస్తే అవి ఎర్రబడటం చూసి ‘ఎరిత్రోనియం’గా మార్చారు.

ఈ రంగులు ఎక్కడివి? వెనేడియం పరమాణువులో వేలెన్సీ ఎలక్ట్రాన్లు ఐదు: 3d³ 4s². ఒక్కొక్కటిగా కోల్పోతూ అది +2 నుంచి +5 వరకు ఆక్సీకరణ స్థితులు చూపగలదు. ఆమ్లంలో కరిగించిన అమ్మోనియం మెటావెనడేట్‌కు జింకు కలిపి చూడండి. పసుపు ద్రావణం నీలంగా, తర్వాత ఆకుపచ్చగా, చివరకు ఊదాగా మారుతుంది. అంత అందమైన ప్రయోగం మన ప్రయోగశాలల్లో మరొకటి అరుదు.

కానీ డెల్ రియోను దెబ్బతీసింది ఈ రంగులే. 1797లో వోక్లాన్ కనుగొన్న క్రోమియం కూడా రంగురంగుల సమ్మేళనాలనే ఇస్తుంది. హంబోల్ట్ ద్వారా పారిస్ చేరిన నమూనాను 1805లో కొలే-దెకోటిల్ పరీక్షించి, ఇది క్రోమియమే అని తేల్చేశారు. పారిస్ మాటకున్న బరువు అలాంటిది! సరిగ్గా చెప్పిన డెల్ రియో తన మాటను తానే వెనక్కి తీసుకున్నారు.

1830లో స్వీడన్‌లో కథ మళ్లీ మొదలైంది. అక్కడ ఇనుము పెళుసుదో కాదో తెలుసుకోవడానికి ఆమ్లంలో కరిగించి చూసేవారు. నల్లపొడి మిగిలితే పెళుసు ఇనుమని లెక్క. టాబెర్గ్ గని ఇనుము బాగా సాగే రకం. అయినా నల్లపొడి మిగిలింది. నీల్స్ గాబ్రియెల్ సెఫ్‌స్ట్రోమ్ ఆ పొడిలో కొత్త మూలకాన్ని గుర్తించి, నార్స్ దేవత వనాదిస్ పేరు పెట్టారు. మరుసటి ఏడాది వోలర్ మెక్సికో ఖనిజాన్ని పరీక్షించి, రెండూ ఒకటేనని రుజువు చేశారు. ‘రియోనియం’ అని పిలుద్దామన్న సూచన వచ్చింది గానీ నిలవలేదు.

అప్పటికీ శుద్ధ లోహాన్ని ఎవరూ చూడలేదు. బెర్జీలియస్ లోహమని భావించినది నిజానికి నైట్రైడ్. 1867లో ఇంగ్లండ్‌లో హెన్రీ రాస్కో, వెనేడియం క్లోరైడ్‌ను హైడ్రోజన్‌తో క్షయకరణం చేసి లోహాన్ని వేరుచేశారు. దాని ద్రవీభవన స్థానం సుమారు 1910 డిగ్రీల సెల్సియస్.

నేడు ఈ లోహంలో ఎక్కువ భాగం ఉక్కు తయారీకే పోతుంది. కొద్దిగా కలిపినా అది కార్బన్‌తో గట్టి కార్బైడ్లుగా ఏర్పడి ఉక్కుకు బలమిస్తుంది. దక్షిణ భారతంలో మూసల్లో కాచిన ఉక్కు ముద్దలు ఒకప్పుడు పశ్చిమాసియా కత్తులకు ముడిసరుకు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అందుకు పేరుపొందిన ఊరు. డమాస్కస్ కత్తుల మీది అలల చారలకు ఉక్కులోని లేశమాత్రపు వెనేడియం వంటి మాలిన్యాలే కారణమని వెర్‌హోవెన్, పెండ్రే 1998లో ప్రతిపాదించారు.