కరెంటు కోతల నష్టం అంచనా

విద్యుత్ సరఫరా ఆగినందువల్ల వినియోగదారులకు కలిగే నష్టాన్ని డబ్బుల్లో లెక్కగట్టడాన్ని అంతరాయ వ్యయ అంచనా అంటారు. అందకుండా పోయిన ఒక్కో యూనిట్‌కు ఎంత నష్టమో చెప్పే అంకెకు ‘వాల్యూ ఆఫ్ లాస్ట్ లోడ్’ అని పేరు. కొత్త సబ్‌స్టేషన్ కట్టాలా, తీగలను భూమిలోకి దింపాలా అన్న నిర్ణయాలకు ఇది ఒక ఆధారం.

ఈ అంకెకూ బిల్లులోని యూనిట్ ధరకూ పొంతన ఉండదు. గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల్లో అర్ధరాత్రి దాటాక ఆక్సిజన్ తగ్గుతూ తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నెలల తరబడి వేసిన మేత, పెట్టిన పెట్టుబడి కొన్ని గంటల్లో నీటిపాలు. అందుకే రైతు గట్టున డీజిల్ జనరేటర్ ఉంచుకుంటాడు. జనరేటర్ ఆదుకున్న రాత్రి పంట దక్కుతుంది గానీ, దాన్ని కొన్న సొమ్ము, డీజిల్ ఖర్చు కోతల ఖాతాలోనే రాయాలి. ఇళ్లలో ఇన్వర్టర్ల లెక్కా ఇంతే. జాగ్రత్త కోసం జనం పెట్టే ఇలాంటి ఖర్చును బట్టి నష్టాన్ని ఊహించడం ఒక పద్ధతి.

ఎక్కువగా వాడేది సర్వే. ‘వేసవి మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా గంటసేపు కరెంటు పోతే ఏమవుతుంది?’ అని ఫ్యాక్టరీలను అడుగుతారు. ఆగిన ఉత్పత్తి, పాడైన సరుకు, యంత్రాలను మళ్లీ నడపడానికయ్యే ఖర్చు కలుపుతారు. తర్వాత ఓవర్‌టైమ్‌తో పూడ్చుకోగలిగింది తీసేస్తారు. ఇళ్లవాళ్లను మాత్రం కోత తప్పించుకోవడానికి ఎంత చెల్లిస్తారని అడుగుతారు. స్థూల ఉత్పత్తిని విద్యుత్ వాడకంతో భాగించే అడ్డదారి కూడా ఉంది. అది చవకే గానీ, కోత ఏ వేళ వచ్చిందో, ఎంతసేపు సాగిందో దానికి పట్టదు.

ఈ రంగంలో పేరున్నది అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల. అక్కడి పరిశోధకులు 2004లో తమ దేశంలో అంతరాయాల నష్టం ఏటా సుమారు 7,900 కోట్ల డాలర్లని అంచనా వేశారు. అందులో దాదాపు మూడింట రెండొంతులు క్షణాల్లో వచ్చిపోయే అంతరాయాల వల్లేనని, గృహాల వాటా 2 శాతమేనని తేల్చారు. 10 విద్యుత్ సంస్థలు 1989–2012 మధ్య జరిపిన 34 సర్వేలను కలిపి 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, గంట కోతకు అందని యూనిట్ విలువ గృహానికి 3.3 డాలర్లు, చిన్న వ్యాపారానికి 295 డాలర్లు. దుకాణం వాడే యూనిట్లు తక్కువ, ఆగే బేరం ఎక్కువ కాబట్టి భాగహారంలో అంత పెద్ద అంకె వస్తుంది.

ఈ తేడాను యథాతథంగా తీసుకుంటే పెట్టుబడి అంతా బజారు వీధులకే పోతుంది. పేద కుటుంబం ‘ఇంతే ఇవ్వగలం’ అన్నంత మాత్రాన దాని ఇబ్బంది చిన్నదైపోదు. ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన రోగి ఉన్న ఇల్లూ ఈ సగటులోనే కలిసిపోతుంది.

ముందే చెప్పి ఆపడం వేరు, హఠాత్తుగా పోవడం వేరు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించినప్పుడు, వారపు సెలవుకు తోడు మరో రోజు మూయాల్సి వచ్చింది. నిరంతరం నడిచే పరిశ్రమలు వాడకాన్ని సగానికి తగ్గించుకోవాల్సి వచ్చింది. షిఫ్టులు సర్దుకోగల ఫ్యాక్టరీకి ముందే చెప్పడంతో నష్టం కొంత తగ్గుతుంది. కొలిమి ఆర్పలేని కర్మాగారానికి ముందస్తు నోటీసు వల్ల ఒరిగేది తక్కువ.

బర్క్‌లీ లెక్కలు 24 గంటలు దాటిన కోతలకు పనికిరావు. రోజుల తరబడి కరెంటు లేకపోతే నీళ్లు, ఆసుపత్రులు, టెలిఫోన్లు ఒకదాని వెంట ఒకటి స్తంభిస్తాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో ఇదే జరిగింది. అధికారిక లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. అప్పుడు అక్కడి మార్కెట్లో యూనిట్ గరిష్ఠ ధర 9 డాలర్లు. 2024లో ఆ రాష్ట్ర నియంత్రణ సంస్థ, ప్రణాళిక అధ్యయనాల కోసం అందని యూనిట్ విలువను 35 డాలర్లుగా ఖరారు చేసింది.