పుచ్చుకున్న చేతులు: రెండు దేశాల కథ

1966లో రేషన్ షాపు ముందు అమెరికా గోధుమల కోసం క్యూలో నిలబడిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు హైస్కూలు విద్యార్థిని. మా అమ్మ ఆ గోధుమల్ని తిరగలిలో రవ్వగా విసిరి వండేది.

పి.ఎల్. 480 పథకం కింద 1956లో మనం అమెరికాతో ఒప్పందం చేసుకున్నాము. దక్షిణ కొరియా కూడా అదే పథకం కింద ధాన్యం పొందినది. 1953లో యుద్ధం ఆగేనాటికి ఆ దేశం శిథిలమయింది. ఆ దశాబ్దంలో దాని దిగుమతులలో అధికభాగం విదేశీ సహాయంతోనే జరిగినవి.

మనకు వచ్చినదీ పెద్ద మొత్తమే. కాని 1961లో మన జనాభా సుమారు 44 కోట్లు, కొరియా జనాభా రెండున్నర కోట్లు. తలకు పంచి చూస్తే మన వాటా స్వల్పం. పైగా కరువు కాలంలో అధ్యక్షుడు జాన్సన్ నెలనెలా లెక్కచూసి ఓడలు వదిలారు. ఆ అవమానం మనలను తొందరపెట్టింది. 1966లో 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనం తెప్పించాము. 1968లో గోధుమ విప్లవం పేర తపాలా బిళ్ళే వెలువడింది.

కొరియా ఎగుమతి పరిశ్రమల దారి పట్టి, 2010లో దాతల కమిటీలో సభ్యదేశమయింది. మనమూ పుచ్చుకుంటూనే, 1964 నుండి ఐటెక్ పథకం ద్వారా ఇతర దేశాలవారికి శిక్షణ ఇస్తున్నాము.

కనుక ఎంత పుచ్చుకున్నామన్నది ఒక్కటే లెక్క కాదు. ఆ అవసరం ఎలా తీర్చుకున్నామన్నదే అసలు లెక్క. నేటి రేషన్ బియ్యం మన పొలాల్లో పండినవే. ఆనాటి క్యూ సంగతి మనవలకు తప్పక చెప్పండి.