గుర్షా

గోడ గడియారంలో పదిన్నర. బయట ఎండ ఇంకా తగ్గలేదు. ఇథియోపియాలో గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది, ఈ పదిన్నర మనకు సాయంత్రం నాలుగున్నర. పక్కనే వేలాడుతున్న క్యాలెండర్‌లో ఏడాది 2011. నా పాస్‌పోర్టు మీది ముద్రలో 2019. వచ్చిన కొత్తలో బడికి రెండింటికి రమ్మంటే మధ్యాహ్నం వెళ్లాను. వాళ్ల రెండంటే పొద్దున ఎనిమిది. ఆరో తరగతి పిల్లలు అంతసేపూ నా కోసం చూశారని తెలిశాక ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

ఊరు బహిర్ దార్, తానా సరస్సు ఒడ్డు. నీలి నైలు ఇక్కడే బయల్దేరుతుంది. జీతం లేకుండా లెక్కలు చెప్పడానికి వచ్చిన నాకు ఈ ఇంట్లో ఒక గది ఇచ్చారు. ఇంటావిడను అందరూ ఎమాయే అంటారు, అమ్మా అని. నన్ను ఆవిడ ‘లిజే’ అంటుంది, నా బిడ్డా అని.

నేల మీద పచ్చి గడ్డి పరిచింది. బొగ్గుల మీద ధూపం పొగ. పచ్చి కాఫీ గింజలు కడిగి, పెనం మీద కలియబెడుతూ వేయిస్తోంది. చిటపటలు మొదలై, గింజ నల్లబడి నూనె తేలగానే పెనం ఎత్తి ఒక్కొక్కరి ముందుకూ తెస్తుంది. అరచేత్తో పొగను ముఖం మీదికి తోసుకుని పీల్చాలి. అరకు కొండల్లో మనం పండించే అరబికాకు పుట్టిల్లు ఈ దేశమే. ఆ వాసన చూస్తే నమ్మకం కుదురుతుంది.

గింజలు రోట్లో పడ్డాయి. ఆ దంపుడు చప్పుడు విని పక్కింటివాళ్లు వచ్చేస్తున్నారు.

ఈలోగా పళ్లెం వచ్చింది. అందరికీ కలిపి ఒక్కటే. పళ్లెమంతా పరుచుకున్న ఇంజెరా, నడుమ ఎర్రగా ఉడుకుతున్న షిరో, శనగపిండి పులుసు. శుక్రవారం ఉపవాసం కదా, మాంసం, పాలు, వెన్న ముట్టరు. తెఫ్ అనే చిరుధాన్యం పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి పోసే అట్టు ఇంజెరా. మనం దోసెను నడిమి నుంచి అంచుకు తిప్పుతాం, ఎమాయే అంచు నుంచి నడిమికి ధారగా పోస్తుంది. పైన పడే చిల్లులను కళ్లంటారు.

‘ఎన్‌బ్లా’ అంటుంది. తిందాం అని.

ఇన్నాళ్లూ నా వైపు అంచునే కొంచెం తుంచుకుని, చాలని లేచేదాన్ని. వాళ్లకున్నదే కొంచెం, అందులో నేనొకదాన్నా అనే బెరుకు ఒకటి. ఇంకొకటి చెప్పడం కష్టం. ఎంగిలి. పదిమంది చేతులు పడే పళ్లెం ముందు కూర్చుంటే చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన ఆ మాట వేళ్లను వెనక్కి లాగుతుంది.

ఎమాయే ఒక ముక్క తుంచి, షిరోలో అద్ది, నాలుగు వేళ్లతో చుట్టి నా నోటి దగ్గర పెట్టింది. గుర్షా, చేత్తో తినిపించే ముద్ద. నా చెయ్యి అడ్డం లేచింది. ఆవిడ చెయ్యి దిగలేదు. వేళ్ల సందుల్లోంచి పులుసు మణికట్టు మీదికి జారుతున్నా దిగలేదు. గదిలో మాటలు ఆగాయి.

నోరు తెరిచాను.

పులుపు, బెర్బెరె కారం, ఆవిడ వేలి కొసల వెచ్చదనం. ఆఖరిసారి నాకు ఎవరైనా తినిపించింది అమ్మమ్మ, పెరట్లో గోరుముద్దలతో. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారమనుకున్నారు, మంచినీళ్లు అందించారు. ఒక్క ముద్దతో వదలరు. రెండోది సిద్ధమవుతోంది.

నల్లమట్టి కాఫీ కూజా, జెబెనా, పొంగింది. చెవుల్లేని చిన్న కప్పుల్లోకి పైనుంచి సన్నటి ధార. మొదటి వాయి అబోల్. రోజూ ఇది తాగి, పుస్తకాలు దిద్దాలని లేచిపోయేదాన్ని. అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి కాచితే తోనా. మూడోది బరకా, దీవెన. అది అందుకోకుండా ఇన్నిసార్లు ఎలా లేచిపోయాను?

ఎమాయే జెబెనాలో మూడోసారి నీళ్లు పోస్తోంది. దిద్దాల్సిన పుస్తకాలు సంచిలోనే ఉన్నాయి. కాళ్లు మడిచి గడ్డి మీద సర్దుకుని కూర్చున్నాను.