మంచుదారి నెఱిగినవారు

యాత్రాచరిత్రములలో యాత్రికుని పేరు నిలుచును గాని దారి చూపినవాని పేరు తఱచుగా నిలువదు. కొండ నెక్కినవాడు ఇంటికి బోయి పుస్తకము వ్రాయును. త్రాడు పట్టి యాతని నెక్కించినవాడు మఱునాడు తన గొడ్లను తోలుకొని బీటికి బోవును. ఇది యన్ని దేశములందును గలదు. అయినను నార్వేదేశపు పడమటి తీరమున, సముద్రపు పాయలును మంచుకొండలును చేరువచేరువగా నున్న సీమయందు, ఈ సంగతి విచారించుటకు మంచి యాధారములు దొరకుచున్నవి. ఇప్పుడచ్చటికి వేసవియందు దేశదేశముల జనులు వచ్చి, ఎనిమిదిమందియో పదిమందియో యొక జట్టుగా జేరి, ఒక మార్గదర్శి వెంట నడుమునకు త్రాడు గట్టుకొని మంచుపై నడచుచుందురు. ఈ యాచార మెట్లు పుట్టినది? ఈ విద్య మొదట నెవరిది? మేమీ వ్యాసమున విచారింపదలచినది యిదియే.

ముందుగా స్థలస్వరూపము తెలియవలెను. ఫియోర్డు అనగా కొండల నడుమ లోయలోనికి బహుదూరము చొచ్చివచ్చిన సముద్రపు పాయ. పాపికొండల నడుమ గోదావరిపై పడవలో బోయినవారు, ఆ నీరు ఉప్పునీరనియు, ఆ కొండలు మఱింత యెత్తనియు, వాని నెత్తిపై మంచు పేరుకొని యున్నదనియు భావించుకొన్నచో దీని రూపము కొంతవఱకు మనసునకు దట్టును. నార్వేలోని ఫియోర్డులలో సోగ్నె ఫియోర్డు పెద్దది. దాని పొడవు 200 కిలోమీటర్లకు మించినది. లోతు కొన్నియెడల 1300 మీటర్లు. ఇంత లోతు సముద్రము త్రవ్వినది గాదు. హిమయుగములలో లక్షలకొలది సంవత్సరములు మంచు ఆ లోయలవెంట దిగి, అడుగున నున్న రాతిని కోసివేసినది. మంచు కరగి వెనుకకు దీసిన పిమ్మట ఆ ఖాళీలోనికి సముద్రము వచ్చి నిండినది.

ఇప్పుడా కొండలపై నున్నది ఆనాటి మంచు గాదు. తరువాతి కాలమున మరల పేరుకొన్నది. అందులో యూస్టెడాల్స్‌బ్రేన్ అనునది ఐరోపా ప్రధానభూభాగమున అన్నిటికంటె పెద్ద హిమానీనదము. దాని వైశాల్యము సుమారు 460 చదరపు కిలోమీటర్లు. కొన్నిచోట్ల మంచు 600 మీటర్ల మందమున్నది. నదమను మాట యిచ్చట అలంకారము గాదు. ఏటేట బడిన మంచు పైబరువునకు గట్టిపడి, తన బరువుచేతనే పల్లమునకు మెల్లగా బ్రవహించును. ఏటవాలు హెచ్చినచోటను, త్రోవ వంకరయైనచోటను, పైభాగము సాగజాలక పగులును. ఎండకాలమున మన నల్లరేగడి చేలలో నెఱియలు విచ్చినట్లే యచ్చట మంచులో నెఱియలు విచ్చును. కాని వానిలో మనుష్యుడు మునిగిపోవును. శీతకాలమున క్రొత్తమంచు వానిపై కప్పువలె బడి, చూచువానికి చదునైన నేలవలె గన్పట్టును. ఆ కప్పు ఎచ్చట కాలి బరువు నోర్చును, ఎచ్చట ఓర్వదు అనుటయే మార్గదర్శి యెఱిగిన రహస్యము.

ఈ మంచు మొదట చూడదగిన వస్తువు గాదు, పగవాడు. 17వ శతాబ్ది తుదినుండి ఆ దేశమున హిమానీనదములు క్రిందికి దిగసాగెను. యూస్టెడాల్ లోయలో నీగార్డ్స్‌బ్రేన్ అను శాఖ 1710 మొదలు 1735 వఱకు గల యిరువదియైదేండ్లలో సుమారు 2800 మీటర్లు ముందునకు జరిగినదని అంచనా. మొదట బీళ్లు పోయెను, పిదప చేలు పోయెను, 1743లో మ్యోల్వర్ అను కమతము ఇండ్లతో గూడ నాశమయ్యెను. ఆ కాలమున ఆ లోయలో మతగురువుగా నుండిన మథియాస్ ఫాస్ అనునతడు ఈ యుపద్రవమును గూర్చి వ్రాసియుంచెను. రైతులు పన్ను తగ్గింపుడని దొరతనమువారికి విన్నపములు చేసికొనగా, అధికారులు వచ్చి చెడిన నేలను చూచి లెక్కలు వ్రాసికొని పోయిరి. నేడు హిమానీనదముల పూర్వగతిని శోధించు శాస్త్రజ్ఞులకు ఆ పన్నుకాగితములే ముఖ్యసాధనములు. రాజుల చరిత్రములలో లేని సంగతి రైతు దఱఖాస్తులో దొరకుట మా వంటి బడిపంతుళ్లకు సంతోషకారణము. ‘నీగార్డు’ అనగా తొమ్మిది కమతములని చెప్పి, తొమ్మిదింటిని మంచు మ్రింగెనని జనశ్రుతి. 1748 నాటికి దాని ముందడుగు ఆగిపోయెను.

పగవానితో కాపురము చేయువాడు పగవాని నెఱుగక తప్పదు. యూస్టెడాల్స్‌బ్రేన్‌కు పడమట నున్న లోయలవారు తమ గొడ్లను గుఱ్ఱములను తూర్పుదేశపు సంతలకు దోలవలెనన్న, చుట్టుదారి బహుదూరము. అందుచే వారు మంచునకు అడ్డముగా బోయి యూస్టెడాల్‌లో దిగుచుండిరి. పశువులను మంచుమీదుగా దాటించుట యెంతటి పనియో చదువరు లూహింపవచ్చును. ఏ నెలలో మంచు గట్టిగా నుండును, ఏ శాఖపై నెఱియలు తక్కువ, మబ్బు గ్రమ్మినపుడు దిక్కెట్లు తెలిసికొనవలెను అను విషయములను వారు తండ్రి వలన కొడుకు నేర్చిరి. ఈ జ్ఞానమును ఎవ్వరును శాస్త్రమనలేదు. తరువాత వచ్చిన విదేశీయులు ‘క్రొత్తగా కనిపెట్టిన’ దారులలో కొన్ని పశువులు నడచిన దారులే.

విదేశీయులలో మొదట శాస్త్రజ్ఞులు వచ్చిరి. స్కాట్లండు పండితుడగు జేమ్స్ డేవిడ్ ఫోర్బ్స్ 1851లో వచ్చి, 1853లో నార్వే హిమానీనదములను గూర్చి గ్రంథము ప్రకటించెను. పిమ్మట వినోదయాత్రికులు. ఇచ్చట థామస్ కుక్కును స్మరింపవలెను. ఈతడు మద్యపాననిషేధమునకై పాటుపడినవాడు. 1841 జూలై 5వ తేదీని లెస్టరు పట్టణమునుండి లఫ్‌బరోలో జరుగు మద్యనిషేధసభకు సుమారు 500 మందిని, తల కొక షిల్లింగు వంతున రైలుబండిలో గొనిపోయెను. కల్లుదుకాణమునుండి జనులను మఱల్చుటకు పుట్టిన యుపాయమే లోకమంతటను వర్తకమై వ్యాపించినది. ఆతని సంస్థ 1875లో పాతికమందికి మించని యొక గుంపును నార్వే యుత్తరభాగమందలి నార్త్‌కేప్ వఱకు ఓడపై దీసికొనిపోయెను. చిన్నగుంపు, ముందే నిర్ణయించిన దారి, వెంట తెలిసినవాడొకడు: నేటి యాత్రాజట్టు రూపమంతయు అందే యున్నది.

నార్వేవారును ఊరకుండలేదు. 1868లో తామస్ హెఫ్‌తే అను వర్తకుడు మొదలగువారు పాదయాత్రికుల సంఘము నొకదాని స్థాపించి, కొండలలో విడుదుల నేర్పఱచి, దారులకు గుర్తులు పెట్టించిరి. ఆ శతాబ్ది తుదిపాదమున ఆ సంఘమే మార్గదర్శులకు యోగ్యతాపత్రము లిచ్చుచు వచ్చెను. మా యభిప్రాయమున నీ పని విడుదులు కట్టుటకంటె గొప్పది. అంతవఱకు దారి చూపుట యొక ఊడిగము. అప్పటినుండి యది యొక వృత్తి. పొలము చాలని రైతునకు తన తాతముత్తాతల యెఱుకకు వెల యున్నదని తెలియవచ్చెను. 19వ శతాబ్దియందు లక్షలకొలది నార్వేజనులు పొట్టకూటికై అమెరికాకు వలసపోవుచుండగా, ఇంటనే యుండి బ్రదుకుటకు కొందఱికైనను ఇదియొక త్రోవ చూపినది.

అట్టివారిలో మిక్కెల్ ముండాల్ ప్రసిద్ధుడు. సోగ్నె ఫియోర్డు శాఖయొకదాని చివరనున్న ఫ్యేర్‌లాండులో మంచుమార్గదర్శిగా పేరొంది, 1891లో అచ్చటనే యొక వసతిగృహము గట్టించెను. ఆ యూరికి 1986 వఱకు బయటినుండి బండిదారి లేదు, పడవయే గతి. ఆ యేట కొండ తొలిచి దారి వేసినపుడు, దానిని తెఱచుటకు వచ్చినవాడు అమెరికా మాజీ యుపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్. ఆతని పూర్వులు అచ్చటి ముండాల్‌నుండియే వెడలిపోయినవారు. ‘మాండేల్’ ఆ యూరిపేరే. ఒకే యూరివారిలో కొందఱు దూరదేశమున పెద్దపదవులకు బోయిరి, కొందఱు మంచుపై త్రాడు పట్టిరి.

ఆంగ్లేయుడగు విలియం సెసిల్ స్లింగ్స్‌బీ కథ వేఱు. 1872లో మొదట వచ్చిన యీతడు, 1876 జూలై 21వ తేదీని ఎమానుయేల్ మోన్, క్నూట్ లిక్కె అను నార్వేవారిరువురతో 2405 మీటర్ల యెత్తుగల స్తూరె స్కాగస్తోల్స్‌టిండ్ శిఖరమున కెగబ్రాకెను. తుదిమెట్టున తక్కిన యిరువురు నిలిచిపోగా, ఒక్కడే పైకి బోయెను. 1904లో తాను ప్రకటించిన గ్రంథమునకు ఉత్తరపు ‘ఆటస్థలము’ నార్వే యని యర్థము వచ్చు పేరు పెట్టెను. ఈ పేరు మాకు కొంత రుచింపదు. ఫాస్‌గారి లోయలోని రైతునకది యాటస్థలము గాదు. అయినను న్యాయము చెప్పవలెను: స్లింగ్స్‌బీ తన వెంట వచ్చిన దేశీయులను మఱవలేదు, పేర్లు పెట్టి చెప్పెను. ఆ కాలపు దొరలలో నిది యరుదు. ఆ శిఖరమునే 1894లో తెరేస్ బెర్థో అను ఉపాధ్యాయిని యెక్కెను. స్త్రీలలో నామెయే మొదటిది. ఊరిలో పావడ ధరించి, కొండమొదట దానిని విడిచి, పంట్లాముతో నెక్కెడిదట. కొండకు లేని యాక్షేపణ ఊరికెందుకో!

చక్రవర్తులును వచ్చిరి. జర్మనీ కైజరు రెండవ విల్‌హెల్ము 1889 మొదలు దాదాపు ప్రతి వేసవియు నీ ఫియోర్డులలోనే గడపెను. 1914 జూలైలో, ఐరోపా యుద్ధమునకు సిద్ధమగుచుండగా, సోగ్నె ఫియోర్డునుండియే తన దేశమునకు మరలెను.

అందమునకు వెల యున్నదని ఆ సీమవారు మఱవరు. లోయెన్ సరస్సుపై ‘లోడాలెన్’ అను చిన్న పొగయోడ యాత్రికులను హిమానీనదము చెంతకు జేర్చుచుండెడిది. 1905 జనవరి 15వ తేదీ రాత్రి కొండచఱియ విఱిగి సరస్సులో బడగా, లేచిన యలకు 61 మంది చనిపోయిరి. ఓడ నొడ్డునుండి సుమారు 350 మీటర్ల దూరము అల విసరివేసెను. మిగిలినవారు మరల అచ్చటనే యిండ్లు గట్టుకొనిరి. 1936 సెప్టెంబరు 13వ తేదీని అదే కొండ మరల విఱిగి 74 మందిని బొట్టబెట్టుకొనెను. సంవత్సరము పొడవున అచ్చట నుండువానికి, నాలుగు దినములు చూచి పోవువానికి గల భేదమిది. మార్గదర్శి ‘ఇక ముందుకు పోరాదు’ అనునపుడు యాత్రికుడు విసుగుకొనును. ఆ మాటవెనుక నిన్ని సమాధు లున్నవని యెఱుగడు. 2014 ఆగస్టులో నీగార్డ్స్‌బ్రేన్ ముందట, అడ్డుగా గట్టిన త్రాటిని దాటి మంచు చెంతకు బోయిన దంపతులు పిల్లలు చూచుచుండగనే మంచుపెళ్ల విఱిగిపడి మరణించిరి.

ఇప్పుడు వేఱొక చిక్కు వచ్చినది. వేలమందిని మోయు మహానౌకలు ఫియోర్డులలోనికి వచ్చి, ఇరుకు లోయలో పొగ నిలుపుచున్నవి. గైరాంగెర్, నేర్యి ఫియోర్డులు 2005లో ప్రపంచవారసత్వస్థలములుగా గుర్తింపబడినవి. 2018లో నార్వే శాసనసభ, 2026 నాటికి వారసత్వ ఫియోర్డులలో పొగవిడుచు యాత్రానౌకలు రాగూడదని తీర్మానించెను. పిదప ప్రభుత్వము పెద్దనౌకలకు 2032 వఱకు గడువిచ్చెను. చిన్నవానికి ముందు, పెద్దవానికి వెనుక శాసనము వర్తించుట మాకు వింతగా దోచుచున్నది. చిన్నజట్టు ఊరిలో నిద్రించి, ఊరివాని యింట తిని, ఊరివానికి కూలి యిచ్చును. మహానౌకలోనివాడు ఓడలోనే తిని, ఓడలోనే పరుండి, బొమ్మలు దీసికొని పోవును. ఇరువురును యాత్రికులే యని యొక్కచీటిలో లెక్క వ్రాయుట సరిగాదు.

మంచు మాత్రము ఎవ్వరికొఱకును నిలుచుట లేదు. 1990 ప్రాంతములందు శీతకాలపు హిమపాతము హెచ్చి, బ్రిక్స్‌డాల్స్‌బ్రేన్ మొదలగు శాఖలు కొంతకాలము ముందునకు జరిగెను. జనులు సంతోషించిరి, కాని యది నిలువలేదు. 1748 నుండి నేటివఱకు నీగార్డ్స్‌బ్రేన్ నాలుగు కిలోమీటర్లకు మించి వెనుకకు బోయినది. 1930 తరువాత అది విడిచిన పల్లమున నొక సరస్సు ఏర్పడగా, యాత్రికులు దానిని పడవపై దాటి మంచు చేరుచు వచ్చిరి. అటుపిమ్మట మంచు సరస్సును గూడ విడిచి రాతిపైకి బోయినది. మార్గదర్శులు ఏటేట దారి మార్చుకొనుచున్నారు. తండ్రి యడుగుపెట్టిన తావున కొడుకునకు మంచు లేదు. 1748లో మంచు తెచ్చి పడవేసిన రాళ్లకట్ట లోయలో నేడును గలదు. దానిపై చెట్లు మొలచినవి. మ్యోల్వర్ కమతమున్న తావు మంచుక్రిందనుండి బయటపడి, మరల పచ్చబడి యున్నది.