వయసు, అబద్ధం, బాధ్యత: పలకల షెడ్డు నుంచి మొబైల్ తెర వరకు

పాఠం లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• వయసు నిర్ధారణకు సంబంధించిన చట్టాలు మనదేశంలో ఎలా మారాయో వివరించగలుగుతారు.
• మైనరు తన వయసు దాచినప్పుడు న్యాయస్థానాలు బాధ్యతను ఎవరిపై ఉంచాయో చెప్పగలుగుతారు.
• ఆన్‌లైన్ పరిచయాలకు ఈ చరిత్రను అన్వయించగలుగుతారు.

1. పరిచయం

నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ జూలై 1 అని ఉంటుంది. నేను పుట్టింది ఆ రోజున కాదు. బడిలో చేర్చేటప్పుడు మా నాయన "వీడికి ఐదేళ్లు నిండాయి సార్" అన్నాడు. హెడ్మాస్టరుగారు వేళ్ల మీద లెక్కపెట్టి ఒక తేదీ రాశారు. ఆ తేదీ ప్రకారమే నాకు ఉద్యోగం వచ్చింది, ఆ తేదీ ప్రకారమే పదవీ విరమణ చేశాను. మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల్లో నా తరం వారిలో చాలామంది సంగతి ఇదే. మీ ఇంట్లో పెద్దలను అడిగి చూడండి.

ఆనాడు పిల్లల వయసును పెద్దలు రాసేవారు. ఈనాడు పిల్లలే ఫోనులో రాసుకుంటున్నారు. పదిహేనేళ్ల అమ్మాయి ఒక యాప్‌లో తనకు పందొమ్మిది అని రాసింది. అవతలి వ్యక్తి నమ్మాడు, లేదా నమ్మానని తరవాత చెప్పాడు. పరిచయం ముదిరి హాని జరిగితే బాధ్యత ఎవరిది? అబద్ధం చెప్పిన అమ్మాయిదా, నమ్మిన పెద్దవాడిదా, ఆ యాప్ నడిపిన సంస్థదా? ప్రశ్న కొత్తగా కనిపించవచ్చు. కాని చట్టం దీనిని నూట యాభై ఏళ్లుగా ఎదుర్కొంటూనే ఉంది.

2. కర్మాగారం గేటు దగ్గర

1881 ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదన్నది. ఈ కనీస వయసు 1891లో తొమ్మిదికి, 1922లో పన్నెండుకు, 1948లో పద్నాలుగుకు పెరిగింది. చట్టంలో ఒక అంకె చేరగానే, ఆ అంకెను దాటినట్లు చూపించవలసిన అవసరం కూడా పుట్టింది. కూలి డబ్బు కావలసిన తల్లిదండ్రులకు బిడ్డ వయసు పెంచి చెప్పడానికి కారణం ఉంది. చవకగా పనివారు కావలసిన యజమానికి ఆ మాట నమ్మడానికి కారణం ఉంది. నేర్పిన అంకెను అప్పజెప్పడం తప్ప బిడ్డకు మరో దారి లేదు.

1948 చట్టం దీనికి ఏం చేసిందో గమనించండి. సెక్షన్ 98 ప్రకారం వేరొకరి ఆరోగ్య ధ్రువపత్రాన్ని తనదిగా చూపితే రెండు నెలల వరకు శిక్ష పడే అవకాశం ఉండేది. అంటే మోసాన్ని చట్టం పట్టించుకోకుండా వదలలేదు. అయితే సెక్షన్ 104 ఇంకా ముఖ్యమైనది. పనిలో ఉన్న వ్యక్తి చూడగానే వయసు చాలనివాడని కోర్టుకు తోస్తే, కాదని రుజువు చేయవలసిన భారం నిందితుడిపైనే ఉండేది. "వాడే చెప్పాడండీ" అంటే సరిపోయేది కాదు.

మన ప్రాంతంలో దీనికి సాక్ష్యం పలకల పరిశ్రమ. మార్కాపురం పరిసరాల రాతిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చట్రం బిగించే పనుల్లో పిల్లలు కూడా చేరారు. కోతలో లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను పాడుచేసి సిలికోసిస్‌కు దారితీస్తుంది. 1987 జాతీయ బాలకార్మిక విధానం కింద తొలివిడతలో ఎంపికైన ప్రాంతాలలో మార్కాపురం పలకల పరిశ్రమ, జగ్గంపేట పెంకుల పరిశ్రమ ఉన్నాయి. 1986 బాలకార్మిక చట్టం సెక్షన్ 10లో వయసుపై వివాదం వస్తే వైద్యాధికారికి నివేదించాలన్నారు. కాని కుటుంబ సభ్యులతో నడిపే షెడ్లకు అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. వయసు అడిగే అధికారే గడప దాటి లోపలికి రాలేని చోట అంకె నిజమైతేనేం, అబద్ధమైతేనేం?

3. అప్పు పత్రంపై సంతకం

భారత మెజారిటీ చట్టం (1875) సాధారణంగా పద్దెనిమిదేళ్లకు వ్యక్తిని మేజరుగా గుర్తించింది. 1895లో కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు తాను మేజరునని రాసిచ్చి, ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. కాని అతడు మైనరని రుణదాత తరఫు న్యాయవాదికి ముందే తెలుసు. 1903లో ప్రివీ కౌన్సిల్ మైనరు చేసిన ఒప్పందం మొదటినుంచీ చెల్లదన్నది. నిజం తెలిసినవాడు అబద్ధాన్ని నమ్మానని చెప్పుకోలేడని కూడా తేల్చింది.

రుణదాతకు నిజంగానే తెలియకపోతే? 1928లో లాహోర్ హైకోర్టు ఖాన్ గుల్ కేసులో ఈ ప్రశ్న వచ్చింది. వయసు దాచి భూమి అమ్మిన మైనరు సొమ్ము తీసుకుని స్వాధీనం ఇవ్వనన్నాడు. ఒప్పందం నిలవదు, కాని తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాలని కోర్టు చెప్పింది. అంటే అబద్ధం చెప్పినంత మాత్రాన పిల్లవాడు పెద్దవాడు కాడు. అలాగని అబద్ధంతో పొందిన లాభం అతనికి దక్కదు. ఈ రెండు సూత్రాలను కలిపి గుర్తుంచుకోండి.

4. "తనకు పద్దెనిమిది అని చెప్పింది"

శరీరానికి హాని జరిగితే తిరిగి ఇవ్వడానికి సొమ్ము ఉండదు. అక్కడ చట్టం మరింత కఠినమైంది. 1875లో ఇంగ్లండులో హెన్రీ ప్రిన్స్ అనే వ్యక్తి పద్నాలుగేళ్ల బాలికను తండ్రి సంరక్షణ నుంచి తీసుకువెళ్లాడు. ఆమె పద్దెనిమిది అని చెప్పింది, చూడడానికీ పెద్దదిగానే ఉంది. అతని నమ్మకం సహేతుకమేనని జ్యూరీ ఒప్పుకుంది. అయినా శిక్ష నిలిచింది. తెలియక చేసినవాడిని శిక్షించడం న్యాయమా అని ఒక న్యాయమూర్తి భిన్నాభిప్రాయం రాశారు. 2000లో ప్రభువుల సభ వేరొక కేసులో నిజాయితీ గల నమ్మకాన్ని పరిగణించాలన్నది. ఈ చర్చ ఇంకా ముగియలేదు.

మనదేశంలో సమ్మతి వయసు 1860లో పది. 1891లో పన్నెండు అయింది. 2012 పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ బాలలుగా గుర్తించింది. సెక్షన్ 30 ప్రకారం నిందితుడికి నేర మనస్తత్వం ఉందనే కోర్టు భావిస్తుంది. లేదని సందేహానికి తావులేకుండా నిరూపించుకోవలసింది అతడే. ఫ్యాక్టరీల చట్టంలోని భారం ఇక్కడ మరింత బరువెక్కిందని మీరు గుర్తించే ఉంటారు. పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్యవారి ప్రేమ కేసులలో ఇరవై ఏళ్ల యువకులు జైలుపాలవుతున్నారన్న విమర్శ ఉంది. 2023లో లా కమిషన్ 283వ నివేదిక వయసు తగ్గించవద్దంటూనే, ఇటువంటి కేసులలో శిక్ష విషయంలో న్యాయమూర్తికి విచక్షణ ఉండాలని సూచించింది.

5. మొబైల్ తెర

సామాజిక మాధ్యమాలలో కనిపించే "పదమూడేళ్లు" అనే హద్దు అమెరికాలో 1998లో చేసిన పిల్లల గోప్యతా చట్టం నుంచి వచ్చింది. చాలాకాలం సంస్థలు పుట్టినతేదీ అడిగి, చెప్పినదే నమ్మాయి. మన హెడ్మాస్టరుగారి పద్ధతే! తేడా ఏమిటంటే ఆయనకు అందులో లాభం లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం వాడడానికి తల్లిదండ్రుల సమ్మతిని సరిచూసుకోవాలన్నది. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. ఆస్ట్రేలియా 2024 చట్టం పదహారేళ్లలోపు వారికి ఖాతాలు నిషేధించింది. అక్కడ జరిమానా సంస్థలకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు.

ఈ పాఠం మీ జీవితానికి దూరం కాదు. మీలో చాలామందికి ఇరవై ఏళ్లు. అవతలివారి వయసుపై అనుమానం కలిగితే అక్కడే ఆగండి. అడిగినందుకు పోయేదేమీ లేదు, అడగనందుకు రెండు జీవితాలు పాడవుతాయి. ఇంట్లో చెల్లెలో తమ్ముడో వయసు దాచి చిక్కుల్లో పడ్డారని తెలిస్తే ముందు కొట్టకండి, ఫోను లాక్కోకండి. బెదిరించేవాడికి ఉన్న బలం పిల్లల భయమే. సందేశాలు చెరిపేయకుండా 1098కి గాని, సైబర్ నేరాల 1930కి గాని ఫోన్ చేయండి. అబద్ధం సంగతి తరవాత మాట్లాడవచ్చు.

6. సారాంశం

పిల్లల అబద్ధం తప్పే. దాన్ని సరిదిద్దడం ఇంటి బాధ్యత, బడి బాధ్యత. అయితే షెడ్డు యజమాని అయినా, రుణదాత అయినా, ఫోనులో పరిచయమైన పెద్దవాడైనా, వయసు సరిచూసుకునే శక్తి ఉండి, సరిచూసుకోకపోతే లాభం పొందేవాడిపైనే చట్టం ఆ భారాన్ని ఉంచుతూ వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 104ను పోక్సో సెక్షన్ 30తో పోల్చండి.
2. 1903, 1928 తీర్పుల మధ్య తేడా ఏమిటి?
3. మీ కుటుంబంలో 1970కి ముందు పుట్టిన ముగ్గురి పుట్టినతేదీలు ఎలా నమోదయ్యాయో అడిగి, ఒక పేజీలో రాయండి.