మలీద, చాయ్: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు చలికాలపు వంటిల్లు – చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

ఆహారచరిత్రకు ఆధారాలుగా సాధారణంగా శాసనాలను, కావ్యవర్ణనలను, పాకశాస్త్ర గ్రంథాలను స్వీకరిస్తాం. మెట్టపంటల మీద బతికిన పల్లెల వంటిల్లు వీటిలో కనిపించేది తక్కువ. అక్కడి వంటను తెలుసుకోవడానికి పదం పుట్టుక, పంట కాలం, పండుగ ఆచారం అనే మూడు ఆధారాలు ఉపకరిస్తాయి. ఈ మూడింటి సాయంతో హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో బతుకమ్మ మొదలుకొని సంక్రాంతి వరకు సాగే చలిరోజుల తీపిని, వేడి పానీయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మలీద, చాయ్ అనే రెండింటిని ఎంచుకోవడమైనది. రెండు పేర్లూ పారశీక భాష మీదుగా వచ్చినవే. అయితే మొదటిది సొంత చేని గింజతో ఇంటిదైంది; రెండవది అంగడి సరుకుతో ఇంట్లోకి వచ్చింది. ఈ ప్రాంతపు వ్యవసాయ కుటుంబాల జీవనంలో వచ్చిన మార్పు ఈ తేడాలోనే కనిపిస్తుంది.

2. మలీద: పదం, పదార్థం

పారశీకంలో ‘మాలీదన్’ అంటే రుద్దడం, నలపడం. ‘మలీద’ అంటే నలిపినది. పేరే తయారీ విధానాన్ని చెబుతుంది. పెనం మీది నుండి తీసిన సజ్జరొట్టెను వేడి తగ్గకముందే తుంచి, బెల్లం, నెయ్యి చేర్చి, చేతితో నలిపి ముద్దలు కడతారు. రొట్టె వేడికే బెల్లం కరగాలి. పాకం పట్టే పని లేదు. కాబట్టి దీనికి కావలసిన నైపుణ్యమంతా పొయ్యి దగ్గర కూర్చున్నవారి చేతిలోనే ఉంటుంది.

ఇది అంగడి మిఠాయి కాకపోవడానికి సజ్జ స్వభావం ఒక కారణం. సజ్జగింజలో కొవ్వు ఎక్కువ. గింజగా నిలవ ఉంటుంది గాని, విసిరిన పిండి కొద్దిరోజుల్లోనే చేదెక్కుతుంది. ఎప్పటికప్పుడు విసురుకొని, అప్పటికప్పుడు కాల్చుకోవలసిందే.

ఈ పేరు దక్కనుకే పరిమితం కాదు. అఫ్ఘానిస్థాన్‌లోనూ మలీద ఉంది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు అటుకులు, బెల్లం, కొబ్బరితో చేసి ఏలియా ప్రవక్త పేరిట సమర్పించే నైవేద్యాన్నీ ఈ పేరుతోనే పిలుస్తారు. ఎక్కడికక్కడ దొరికే గింజతో పదార్థం మారింది. పేరు, సమర్పణ స్వభావం నిలిచాయి.

3. ఒకే తీపి, రెండు క్యాలెండర్లు

భాద్రపద అమావాస్యనాడు మొదలయ్యే బతుకమ్మ ఆశ్వయుజ శుద్ధ అష్టమితో ముగుస్తుంది. ఎనిమిదవ రోజు నువ్వులు, వెన్న, బెల్లం కలిపిన వెన్నముద్దలు, చివరిరోజు సద్దులతోపాటు మలీద పంచుకొంటారు. తొలకరికి విత్తిన సజ్జ ఇంటికి చేరే కాలమూ ఇదే. సంక్రాంతికి నువ్వుల లడ్డూలు, అరిసెలు, గరిజెలు, సకినాలు వస్తాయి. ఈ వరుసను మాత్రమే చూస్తే మలీద కొత్తపంటకు కట్టుబడిన వంట అనిపిస్తుంది.

కాని తెలంగాణ పల్లెల్లో పీర్లకు సమర్పించేదీ మలీదయే. ముహర్రం శుద్ధ చాంద్రమాన సంవత్సరాన్ని అనుసరిస్తుంది. ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. కొత్త సజ్జ లేని వేసవిలో పీర్ల పండుగ వచ్చినా మలీద చేయవలసిందే. దీనినిబట్టి మలీదను పంటకాలం ఒక్కటే నిలబెట్టలేదని, పీరుకూ బతుకమ్మకూ ఒకే ముద్దను ఇచ్చే ఉమ్మడి ఆచారం కూడా నిలబెట్టిందని గ్రహించవచ్చు. పల్లెల్లో హిందువులూ పీర్లకు మొక్కుకోవడం ఈ అభిప్రాయానికి బలం చేకూరుస్తుంది.

4. అంబలి స్థానంలో చాయ్

జొన్నపిండితో కాచిన అంబలి, గట్క మెట్టరైతు పగటి పనికి బలమిచ్చిన ఆహారం. ఆకలి, దాహం రెండూ తీర్చే అంబలికి చేని గింజ, నీరు, ఉప్పు చాలు. చాయ్‌కి కావలసిన ఆకు ఈ నేలలో పండదు. తేయాకు వాడకాన్ని పెంచడానికి 1903లో సెస్సు విధించి, ఆ ధనంతో సాగించిన ప్రచారం 1930లలో దేశమంతటా విస్తరించింది. అదే దశకంలో, 1937లో, బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది. సికింద్రాబాదు నుండి నిజామాబాదు వైపు సాగే రైలుమార్గంపైనే మేడ్చల్ ఉంది. ఆకు, చక్కెర పల్లెకు చేరగల దారులు ఈ విధంగా ఏర్పడ్డాయి.

‘టీ’ అనే పదం చైనా దక్షిణ తీరపు మాండలికం నుండి సముద్రమార్గాన ఐరోపాకు చేరి, ఇంగ్లీషు ద్వారా మనకు వచ్చింది. ‘చాయ్’ పారశీకం, హిందుస్తానీల మీదుగా వచ్చింది. తెలంగాణ నాలుకపై రెండవదే స్థిరపడడంలో దక్కను భాషాచరిత్ర ప్రతిఫలిస్తుంది. చలి ఉదయాన చేతికి వెచ్చగా తగిలే గ్లాసు ఆత్మీయమైనదే. అయితే అంబలి ఇచ్చిన పోషణను అది ఇవ్వదు. ఆకలిని కాసేపు వాయిదా వేస్తుంది. పైగా రోజూ కొనవలసిన సరుకు.

5. సజ్జచేను ఏమైంది?

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేద ఇంటికి వరి అన్నాన్ని దగ్గర చేసింది. ఆకలి తీర్చడంలో దాని మేలు కాదనలేనిది. కాని సజ్జ, జొన్నల వాడకం తగ్గడానికి దోహదపడిన కారణాల్లో అదీ ఒకటి. ఈ ప్రాంతంలో బోరుబావుల నీటితో ద్రాక్షతోటలు పెరిగాయి. తరువాత శామీర్‌పేట పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ, నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. చేలు, తోటలు ఇళ్ళస్థలాలయ్యాయి. నేడు మలీద గోధుమ చపాతీతోనూ చేస్తున్నారు. పేరు, నలిపే పద్ధతి మిగిలాయి, గింజ మారింది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే విషయాలు మూడు. మొదటిది: మలీద పంటకాలానికీ, రెండు మతాల ఉమ్మడి ఆచారానికీ చెందిన తీపి. రెండవది: అంబలి నుండి చాయ్‌కి జరిగిన మార్పు రుచిలో వచ్చినది మాత్రమే కాదు, కళ్ళం మీద ఆధారపడిన వంటిల్లు కిరాణాకొట్టుపై ఆధారపడడం అందులో ఉంది. మూడవది: భూమి వినియోగం మారినప్పుడు వంట వెంటనే అంతరించదు, గింజను మార్చుకొని కొంతకాలం నిలుస్తుంది. ఆ కొంతకాలమే పరిశోధకులకు మిగిలిన వ్యవధి.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయిన తరువాత సద్దుల జాబితాలో మలీదకు స్థానం పదిలమైంది. కాని దానిని ఆ జాబితాకే పరిమితం చేస్తే పీర్ల చావిడిలో పంచిన ముద్ద చరిత్రకు దూరమవుతుంది. సజ్జరొట్టెను నలిపిన చేతులు హిందూ, ముస్లిం ఇళ్ళు రెండింటిలోనూ ఇంకా ఉన్నాయి. ఏ గింజ వాడారు, ఎప్పుడు మార్చారు, మొదటి ముద్ద ఎవరి ఇంటికి పంపారు అనే ప్రశ్నలతో వారి వద్దకు వెళ్ళడం ఈ ప్రాంతపు క్షేత్రపరిశోధనలో తక్షణం చేయవలసిన పని.